సాక్ష్యంలో చెప్పని దబ్బనం

ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే నేను చాలా బాగా చెబుతాను. కిరాణం కొట్టువాళ్ల పిల్ల, ఎడమచేతి వాటం, ఆ చేతికి తినని దెబ్బ లేదు. ఒక చిన్న పుస్తకం చదివి, దేవుడు తనను పొరపాటున చేయలేదని తెలుసుకుంది. ఇప్పుడు ఆ చేత్తోనే పుస్తకాలు రాస్తోంది. ఇంతవరకు చెప్పేసరికి వెనక వరసలో ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. నిన్ను నువ్వు ఒప్పుకో, నీకిచ్చిన పని వెతుక్కో అంటూ నేను రాసిన చిన్న పుస్తకాలు నాలుగున్నాయి. నాలుగింట్లో ఎక్కడా దబ్బనం మాట లేదు. గోనె బస్తాలు కుట్టే జానెడు ఇనప సూది అది. సిగ్గేసి రాయలేదు.

మా కొట్టు వరంగల్ బజారులో ఉండేది. పరకాల వైపు నుంచి మిర్చి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు మా దగ్గరే ఉప్పూ పప్పూ కట్టించుకునేవాళ్లు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నాకు పదమూడేళ్లు. నా కుడిచెయ్యి వట్టి మొద్దు. ఎడమచెయ్యి మాత్రం నేను అడగకముందే పని అందుకునేది. అన్నం తినేటప్పుడు అమ్మ దాన్ని చీర పేలికతో నడుముకు కట్టేసేది. మా బాపు దానికి కారం పూసేవాడు, వేళ్ల మధ్య పలకబలపాలు పెట్టి నొక్కేవాడు. మా బాపు చెడ్డవాడని చెప్పను. కోపం వస్తే మాత్రం మనిషి కాదు. ఆ కోపం నాకూ వచ్చింది, ముక్కుతో పాటు.

ఒకరోజు పొద్దున్నే, బాపు లోపల దేవుడి పటాలకు సాంబ్రాణి వేస్తుండగా ఒక రైతు వచ్చి పసుపు అడిగాడు. బోణీ బేరం. నేను తూచి, పొట్లం కట్టి, ఇచ్చేశాను. ఏ చేత్తో ఇచ్చానో ఇచ్చాక గానీ చూసుకోలేదు.

“పొద్దుపొద్దుగాల ఎడమ చేత్తోని పసుపు ఇస్తవా? మా ఇంట్ల పెండ్లున్నది!” అని ఆ పొట్లం తీసి నా ముఖాన కొట్టాడు.

కళ్లనిండా పసుపు. ఏమీ కనిపించలేదు. ఎడమచెయ్యిని ఎవరో గుంజి గల్లాపెట్టె మీద పరిచారు. తూకం వేసే తరాజు కోల దెబ్బ పడ్డాక తెలిసింది, బాపు వచ్చాడని. ఏమైందని అడగలేదు. వేళ్ల కణుపుల మీద కొట్టాడు, చర్మం పగిలి నెత్తురు కారేదాకా కొట్టాడు. చివరికి ఆ రైతే “ఇగ చాలు సావుకారీ, పిల్ల సస్తది” అన్నాడు. అని, పసుపు ఎదురు కొట్లో కొనుక్కుని పోయాడు.

ఆ రోజు నుంచి నన్ను కొట్టు ముందర కూర్చోనివ్వలేదు. వెనక గదిలో పొట్లాల కాగితాలు చింపే పని పెట్టారు. అక్కడ ఏ చెయ్యి వాడినా చూసేవాళ్లు లేరు. చిత్తు కాగితాలవాడు తెచ్చిన పాత పుస్తకాలను మేం వెనక నుంచి చింపేవాళ్లం. ముందు అట్ట గట్టిగా పట్టుకుంటే వెనక పేజీలు సులువుగా ఊడివస్తాయి. మా తాత అట్లాగే చింపాడు, మా బాపూ అట్లాగే చింపాడు. పుస్తకం ఎప్పుడూ వెనక నుంచి ముందుకు కరిగేది.

ఒకసారి వానకు తడిసిన క్రైస్తవ పుస్తకాల కట్ట వచ్చింది. ఒకదాన్ని సగం దాకా చింపాను. వెనక సగం ఎండుమిరపకాయలకూ చింతపండుకూ చుట్టుకుని బజారంతా పోయింది. మిగిలిన సగంలో ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. “నిన్ను చేసేటప్పుడు దేవుడి చెయ్యి జారలేదు.” నా బతుకులో నాతో ఎవరూ అనని మాట అది. నేను ఏడ్చాను. ఆ తర్వాత పేజీల్లో ఒక పాతకాలపు కథ. దుర్మార్గుడైన రాజు, వాడి కింద నలిగిపోతున్న జనం, ఆ జనంలో ఒక ఎడమచేతివాటం మనిషి. అతను కుడి తొడకు కత్తి కట్టుకుని పోతాడు. అక్కడ కత్తి ఉంటుందని ఎవరూ తడమరు. ఎడమచేత్తో దూసి రాజు పొట్టలో దింపుతాడు. దేవుడే అతన్ని లేపాడు అని ఉంది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

నేను ఆ సగం పుస్తకాన్ని లంగా బొందులో దాచుకుని నూరుసార్లు చదివాను. చదివి ఊరుకోలేదు. పెన్సిల్ ముక్కతో పొట్లాల కాగితాల అంచుల మీద నా మాటలు రాయడం మొదలుపెట్టాను, ఎడమచేత్తో. కొట్టుకు వచ్చినవాళ్ల సంగతులు, దేవుడికి నా ప్రశ్నలు, తిట్లు కూడా. అక్షరాలు ఎంత గుండ్రంగా వచ్చేవో! ఆ చెయ్యి ఎందుకుందో నాకు అప్పుడే తెలిసిపోయింది. అంత సంతోషం మళ్లీ నా పెళ్లికి కూడా పడలేదు.

ఆ కాగితాలు బాపు కంటబడ్డాయి. బస్తాల మీద పడేసి తన్నాడు. సగం పుస్తకం కూడా దొరికింది, దాన్ని పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా చెప్పాడు.

“ఐతారం పొద్దుగాల అట్లకాడ కాల్చి వాత పెడుత. అరచేతి నడుమ పెడుత. ఇగ ఎడమ చెయ్యి మాటే మర్సిపోతవ్.”

వాత పెడితే ఎడమవాటం పోతుందని ఆయనకు ఎవరో పెద్దమనిషి చెప్పాడట. తమాషాకు అన్న మాట కాదు. అరచెయ్యి కాలి ముడుచుకుపోతే ఇక పెన్సిల్ పట్టలేను. నాకు ఉన్న ఒక్క చెయ్యీ పోతుంది. దేవుడా అని కూర్చుంటే ఆ కథే గుర్తొచ్చింది. దేవుడు నాకు దారి చూపించాడనే అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం బస్తాల దగ్గర నుంచి దబ్బనం తీసి, సుతిలి తాడుతో కుడి తొడకు కట్టుకున్నాను.

ఆదివారం పొద్దున, బస్తాలున్న వెనక గదిలోనే, స్టవ్వు వెలిగించింది అమ్మే. ఏడుస్తూ వెలిగించింది. అట్లకాడ కొస ఎర్రబడింది. బాపు ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, కుడిచేత్తో నా మణికట్టు అందుకోబోయాడు. లంగా కిందికి నా చెయ్యి ఎప్పుడు పోయిందో, దబ్బనం ఎప్పుడు పైకి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. చాపిన ఆయన అరచేతిలో దించాను. ఇవతల దిగి అవతల తేలింది. ఎముకను గీసుకుంటూ పోయిన చప్పుడు మాత్రం ఇప్పటికీ నా పళ్లలో ఉంది. అట్లకాడ కింద పడి గోనె సంచి కాలింది. తెరిచి ఉన్న చక్కెర బస్తా ఎర్రగా తడిసింది. నేను పారిపోలేదు. “రా, పెట్టు వాత!” అని అరిచాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆనందంగా ఉంది. సాక్ష్యంలో నేను దాచేది ఆ పోటు కాదు, ఈ ఆనందం.

రిక్షాలో క్రైస్తవుల దవాఖానకు పోయాం. అక్కడ తెల్లచీర సిస్టరమ్మ ఆ చెయ్యిని చూసింది, నన్ను చూసింది.

“బస్తా కుడుతుంటే ఇంత అవతలికి దిగుతదా?” అంది.

“దిగింది సిస్టరమ్మా. నా చెయ్యి, నేనే పొడుసుకున్న” అన్నాడు బాపు, పళ్లు బిగబట్టి. నావైపు చూడలేదు.

చీము పట్టింది. నరం తెగిందన్నారు. కట్టు మార్చడానికి పోయినప్పుడల్లా ఆయన అరుపులు వరండాదాకా వినిపించేవి, నేను చెవులు మూసుకునేదాన్ని. అట్లాంటి ఒక రోజు సిస్టరమ్మను అడిగాను, ఎడమచేతివాటం మనిషి కథ ఉన్న పుస్తకం వెనక సగం మీ దగ్గర ఉందా అని. ఆమె మర్నాడు పూర్తి పుస్తకమే తెచ్చింది. వరండా బల్ల మీద కూర్చుని, నేను ఆగిపోయిన చోటి నుంచి పేజీ తిప్పాను. అక్కడ ఇట్లా రాసి ఉంది.

“ఈ కథ నిన్ను కత్తి పట్టమని చెప్పడానికి కాదు. లోకం పనికిరాదన్న చేతిని దేవుడు చూస్తాడని చెప్పడానికి. నీ చెయ్యి దేన్ని తయారు చేయగలదో కనుక్కో. నీకు అప్పగించిన పని అదే.”

పుస్తకం తీసి గోడకేసి కొట్టాను. ఇంత ముఖ్యమైన ముక్క వెనక పేజీల్లో పెడతారా ఎవరైనా? మా బజారులో పుస్తకాలు ఎట్లా చింపుతారో రాసినాయనకు ఏం తెలుసు! తర్వాత పోయి ఏరుకున్నాను, అట్ట నలిగింది. నేను రాసిన నాలుగు పుస్తకాల్లోనూ అసలు మాట మొదటి పేజీలోనే ఉంటుంది. శైలి బాగుందని మెచ్చుకుంటారు. శైలీ లేదు, పాడూ లేదు, భయం.

కట్టు విప్పాక బాపు కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. కొట్టు మూయలేం కదా. ఆయన ఎడమచేత్తో తూచడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వచ్చినవాళ్లు ఆ చెయ్యి చూసి ముఖం తిప్పుకుని ఎదురు కొట్టుకు పోయేవాళ్లు. ఒకడైతే ఆయన ముఖం మీదే ఉమ్మేశాడు. వెనక గదిలోంచి నేను అన్నీ చూశాను. ఆయన ఒక్కరితోనూ నా బిడ్డ పొడిచిందని చెప్పలేదు. చెబితే నాకు కొంచెం తేలికయ్యేది.

ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ, ఆయన ఒక్కడే పొట్లం కట్టడం నేర్చుకుంటున్నాడు. కాగితం మడత జారుతోంది, చక్కెర ఒలుకుతోంది, దారం వేళ్లకు చిక్కుకుంటోంది. నాలుగోసారి పొట్లం పగిలింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఆ కోపంలో అలవాటుగా నా మీదికి కుడిచెయ్యి ఎత్తాడు. చెయ్యి లేచింది గానీ పిడికిలి పడలేదు. మూడు వేళ్లు కట్టెల్లా నిలబడి ఉన్నాయి. ఇద్దరం వాటినే చూశాం. నన్ను క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది.

దగ్గరికి పోయి, మడత ఎట్లా పట్టాలో చూపిద్దామని నా ఎడమచెయ్యి చాపాను. బాపు ఉలిక్కిపడ్డాడు. తల వంచి, మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోయాడు. అచ్చం ఇన్నేళ్లుగా నేను చేసినట్టే.

“కొట్టను బాపూ” అన్నాను. “కొట్టను. పొట్లం ఎట్ల కట్టాల్నో చూపిస్త, చెయ్యి ఇయ్యి.”

ఆయన చాలాసేపటిదాకా చెయ్యి ఇవ్వలేదు.