చెయ్యెత్తింది నేనొక్కదాన్నే

ఎల్బీనగర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. కొత్త వెబ్‌సైట్ యాంగ్యులర్ అనే టూల్‌తో చెయ్యాలా, రియాక్ట్ అనే దాంతోనా అని మీటింగ్ పెట్టారు. చైతన్యపురి కోచింగ్‌లో యాంగ్యులర్ నేర్చుకున్నదాన్ని, దాని గొప్పలన్నీ ఏకరువు పెట్టాను.

మా సారు చప్పట్లు కొట్టి, "బాగా చెప్పావమ్మా. ఇంతకీ యాంగ్యులర్ ఎవరెవరికి వచ్చు?" అన్నారు.

సంబరంగా చెయ్యెత్తాను. కోచింగ్‌లో నా పక్క బెంచీలోనే అది నేర్చుకుని, నాతోపాటే ఈ ఆఫీసులో చేరిన హాస్టల్ రూమ్మేట్ స్వప్న చెయ్యి మాత్రం లేవలేదు.

"నువ్వొక్కదానివేనా? మేం రియాక్ట్‌లో చేస్తున్నాం. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారాయన నవ్వుతూనే.

బయటికొచ్చి స్వప్నని నిలదీశాను. "నీకు గూడ వచ్చు గదనే, చెయ్యెందుకు లేపలే?"

"యాంగ్యులర్ వచ్చినోళ్లల్ల ఒకల్ని తీసేస్తరని పొద్దుగాలనే తెలిసింది. చెప్తే నువ్వు గూడ లేపకపోదువు," అంది తాపీగా.

ఇప్పుడు నాకు రియాక్ట్ కూడా వచ్చు. చెయ్యెత్తమంటే మాత్రం ముందు పక్కవాళ్ళ చేతులు చూస్తాను.