ఘాటు లేని పొగాకు

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో మొన్న నా పక్క సీట్లో ఒకామె ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుంది. తడి గుడ్డలో చుట్టిన తునికాకు, దానితో పాటు పొగాకు పొట్లం. బీడీలు చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వాసన నాకు కొత్త కాదు. నానిన ఆకు వాసన ముందు వస్తుంది, దాని వెనకే ముక్కు లోపల గీరే పొగాకు నుసి. బస్సు కిక్కిరిసి ఉంది. సీటుకు ముగ్గురు, ఆ ముగ్గురి మీదికి వాలిపోయి నిలబడ్డవాళ్లు, మెట్ల మీద ఇంకొందరు. ఎవరు వదిలిన ఊపిరి ఎవరు పీలుస్తున్నారో తెలియదు. ఆమె తుమ్మింది. వెంటనే నేనూ తుమ్మాను. తుమ్మగానే నాకు మొదట కలిగింది ఊరట, నా ముక్కు పనిచేస్తోందని. ఆ తర్వాత యథాప్రకారం భయం మొదలైంది. ఈ బస్సులో ఎంతమందికి వాసన తెలుస్తోందో! ప్రయాణంలో ఇట్లాంటి ఆలోచనలు చేసే మనిషిని చూసి మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ భయం నాకు యశోదక్క ఇచ్చింది, ఊరికే ఇవ్వలేదు.

ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే నర్సుగా నేను ఉద్యోగంలో చేరిన నాడు యశోదక్క మాకు సూపర్‌వైజర్. మోస్రా ఆమె సొంతూరు. పొట్టి మనిషి, నడకలో మాత్రం మమ్మల్ని పరుగెత్తించేది. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. మధ్యాహ్నం అందరి టిఫిన్ బాక్సుల్లోంచి తలా ఒక ముద్ద తినేది, ఎవరి వంటకు ఏం వంక పెట్టాలో నవ్వుతూ అది పెట్టేది. రిపోర్టు తప్పు రాస్తే మాత్రం ఆ నవ్వు మొహం మీద ఉండేది కాదు. నేను చేరిన మొదటి వారంలోనే ఒక వీధి రిపోర్టు ఇంట్లో కూర్చుని రాసి తెచ్చాను. ఆమె చదివి, చింపలేదు, అరవలేదు. గొడుగు తీసుకుని లేచింది. నన్ను వెంటబెట్టుకుని ఆ వీధి అంతా తిప్పి, ఒక్కొక్క గడప ముందు నిలబెట్టి, నేను రాసింది నాతోనే గట్టిగా చదివించింది. అయిదో ఇంటికి నేను ఏడ్చేశాను. "ఏడువకు. తప్పు రాస్తే నువ్వొక్కదానివి ఏడిస్తె సరిపోదు" అంది.

అన్ని సంవత్సరాల్లో ఆమె నోట 'జనాభా' అనే మాట నేను వినలేదు. మీటింగుల్లో పెద్దలు ఆ మాటతోనే మొదలుపెట్టేవారు, జనాభా పెరిగిపోతోంది, ఆసుపత్రులు చాలవు, రోగాలు ఆగవు అని. ఈమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది, తన కొత్త ఉద్యోగం రోజుల ముచ్చట.

"ఆపరేషన్ క్యాంపుకు గింతమందిని తేవాలె అని మా పెద్దసారు చెప్పిండు. తెచ్చిన. నందిపేట్ దిక్కు ఒకామెను బతిమాలి బతిమాలి జీపెక్కిచ్చిన. ఇద్దరు పిల్లలు సాలు, ఇంకెందుకు అన్న. మూడేండ్లకు మెదడువాపొచ్చి ఒక పిల్లగాడు పోయిండు. ఆమె నన్ను తిట్టలే, కొట్టలే. ఇద్దరు సాలన్నవు గదా మేడం, ఇప్పుడు ఒక్కడే ఉన్నడు, అన్నది. గంతే. గప్పటి సంది గా మాట నా నోటికి రాదు పిల్లా."

ఆమెకు ఆపరేషన్ల మీద కోపం లేదు. వద్దనుకునే ఆడమనిషికి దగ్గరుండి చేయించేది. కానీ మనుషులను కుప్పగా పోసి మాట్లాడితే ఆమెకు గిట్టేది కాదు. నేనేమో ఆ కుప్ప మాటే నమ్మినదాన్ని. రెండు గదుల ఇంట్లో ఏడుగురం పెరిగాం. ఒకరికి జలుబు చేస్తే ఏడుగురికీ చేసేది. జనం తక్కువైతే అన్నీ బాగుపడతాయని నాకు గట్టి నమ్మకం.

ఒక చలికాలం ఎడపల్లి దగ్గర చెరకు కొట్టేవాళ్ల గుడిసెలకు వెళ్లాం. మహారాష్ట్ర నుంచి వచ్చిన ముఠా. చెరకు ఆకుతో కప్పిన గుడిసెలు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. ఒక్కొక్క గుడిసెలో ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు, ముసలివాళ్లు, గంపకింద కోళ్లు. వెనకాల కంచె దాటితే ఎవరిదో పెద్ద కోళ్ల షెడ్డు. ఆ వారం షెడ్డులో కోళ్లు చచ్చిపోతున్నాయి. చచ్చినవాటిని కంచె ఇవతల పారేస్తే వీళ్లు తెచ్చుకుని వండుకుంటున్నారు. ఊరికే దొరికిన కూర, వదులుకుంటారా? యశోదక్క ఆ పొయ్యిల దగ్గర కూర్చుని మరాఠీలో ఎంతసేపు మాట్లాడిందో! ఆమె తల్లిది ఆ దిక్కు ఊరే. మాతో జీపులో వచ్చిన అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "గింతమంది ఒక్కకాడ పడుంటే రోగాలు రాక ఏమైతది మేడం? మన జనమే ఎక్కువ" అన్నాడు.

"ఎక్కువున్న జనం ఎవరు సార్? మనం కాకుండ మిగిలినోళ్లా?" అంది యశోదక్క నవ్వుతూనే. "గీ షెడ్డాయనతోని మాట్లాడి చచ్చిన కోళ్లను పాతిపెట్టియ్యుండ్రి. ఇంకో పది గుడిసెలకు జాగ ఇప్పియ్యుండ్రి. జర దూరం దూరం పండుకుంటరు."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. మేం నడిచి రోడ్డెక్కాం. అధికారికి బాగా చెప్పిందని నేను మురిసిపోతుంటే, ఆమె మొహంలో ఆ సంతోషం లేదు. "ఆయన చెప్పింది అబద్ధమేం గాదు పిల్లా. గదే నా భయం సుత. కోడికొచ్చింది మనిషికొస్తే, మనిషికొచ్చింది పక్క మనిషికి పోనీకి ఎంత దూరముంది? మూర దూరం లేదు. ఏదో ఒకనాడు వస్తది. మనకు సప్పుడు ఇనపడుతదో లేదో" అంది. ఆమె భయపడగా నేను చూడటం అదే మొదలు.

అది వచ్చింది. కోళ్లనుంచి కాదు గానీ వచ్చింది. కరోనా మొదటి ఏడు ఎట్లా గడిచిందో అందరికీ తెలిసిందే. నేను చెప్పాల్సింది రెండో ఏడు సంగతి, ఇక అయిపోయిందని అందరం మాస్కులు జేబుల్లో పెట్టుకున్న ఎండాకాలం సంగతి. ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడగడం మా పని. నాకు పడిన వీధుల్లో మా అవ్వ, అంటే మా అమ్మ, ఉండే గల్లీ కూడా ఉంది. ఆ గల్లీలో ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు బీడీలు చేయరు. అందరూ చాటలు పట్టుకుని సాయవ్వ పెద్దమ్మ అరుగు మీద చేరతారు. మోకాలికి మోకాలు తగులుతుంది. ఆకు కత్తిరిస్తూ, పొగాకు వేసి చుడుతూ, ఊరందరి కథలూ చెప్పుకుంటారు. దగ్గు అక్కడ వార్త కాదు, పొగాకు నుసికి అందరూ దగ్గుతారు. జ్వరం మాత్రం ఎవరికీ ఉండదు. ఉందని తెలిస్తే కార్ఖానావాళ్లు ఆ ఇంటి బీడీలు తీసుకోరు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ అడిగాను, వాళ్లు లేదన్నారు, నేను లేదని రాసుకున్నాను.

"జ్వరం లేదు, సలి లేదు. రాసుకుంటే గా టేకేదారు పేరు రాసుకో" అంది సాయవ్వ పెద్దమ్మ. కార్ఖానా తరఫున ఆకూ పొగాకూ ఇచ్చే మనిషే టేకేదారు. "నాసి పొగాకు అంటగడుతుండు ముండాకొడుకు. ఘాటే లేదు. గడ్డి సుట్టినట్టే ఉంది."

"నిజమే బిడ్డా," అంది మా అవ్వ, "మూడు దినాల సంది గిదే కత. ఒక్క తుమ్ము సుత వస్త లేదు."

ఏడెనిమిది మంది ఒక్కసారే టేకేదారును తిట్టడం మొదలుపెట్టారు. నాకు నవ్వాగలేదు. నేను కూడా ఒక తిట్టు కలిపాను. మా అవ్వ ఇచ్చిన చాయ్ తాగి, రిజిస్టరులో ఆ గల్లీకి ఎదురుగా 'జ్వరాలు లేవు' అని రాసి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం బువ్వ తింటూ ఆ ముచ్చట యశోదక్కకు చెప్పాను. సాయవ్వ పెద్దమ్మ గొంతు అనుకరించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. యశోదక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎంతమంది అన్నరు?"

"అందరూ అక్కా."

"మీ అవ్వది, సాయవ్వది ఒకటే కార్ఖానానా?"

కాదు. మా అవ్వది ఒక కార్ఖానా, సాయవ్వ పెద్దమ్మది ఇంకొకటి. టేకేదార్లు వేరు, పొగాకు బస్తాలు వేరు. ఆ గల్లీలో పుట్టి పెరిగినదాన్ని, అది నాకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? రెండు కార్ఖానాల పొగాకూ ఒక్కసారే నాసిరకం అయిపోతుందా?

యశోదక్క చెయ్యి కడుక్కోకుండానే లేచింది. ఎండలో ఇద్దరం దాదాపు పరుగెత్తాం. దారంతా నేను దేవుణ్ని మొక్కుతూనే ఉన్నాను, పొగాకు నిజంగా నాసిదే కావాలని. అరుగు మీద అందరూ అట్లాగే ఉన్నారు. యశోదక్క ఎవరితోనూ మాట్లాడకుండా మా అవ్వ చాటలోంచి చిటికెడు పొగాకు తీసి, నా మాస్కు కిందికి లాగి, ముక్కు దగ్గర పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు కారాయి. ఒకటి కాదు, నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆ తర్వాత సాయవ్వ పెద్దమ్మ చాటలోది. మళ్లీ తుమ్ములు. కత్తెరల చప్పుడు ఆగిపోయింది. వాళ్లంతా నా మొహం చూస్తున్నారు. ఏదో జరిగిందని తెలుస్తోంది, ఏం జరిగిందో తెలియడం లేదు.

"పొగాకు మంచిగనే ఉంది సాయవ్వా," అంది యశోదక్క మెల్లగా, "మీ ముక్కులకే తెలుస్త లేదు. లేవుండ్రి. ఎవరింట్లకు వాళ్లు పోవుండ్రి. నేనే వస్త ఒక్కొక్కరి దగ్గరికి."

పరీక్షలు చేస్తే ఇద్దరికి తప్ప అందరికీ ఉంది. ఇంటికి వెళ్లి విడిగా ఉండండి అంటే విడిగా ఎక్కడ ఉంటారు? ఒక్క గదిలో ఆరుగురు. యశోదక్క చీరలు అడ్డం కట్టించింది, ముసలివాళ్లను బడి గదుల్లోకి మార్పించింది, బీడీలు తీసుకోం అని మొండికేసిన కార్ఖానావాళ్లతో కొట్లాడింది. మా అవ్వ పదిహేను రోజులు మంచం పట్టి లేచింది. సాయవ్వ పెద్దమ్మకు ఊపిరి అందక నిజామాబాద్ తీసుకువెళ్లారు. వారం తిరగకముందే ప్రాణం పోయింది. మనిషి ఇంటికి రాలేదు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి.

ఆ రెండు రోజులు నా మెడకు చుట్టుకున్నాయి. ఆ రెండు రోజులూ వాళ్లు మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చున్నారు. యశోదక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నెల రోజుల తర్వాత అడిగింది.

"గంగామణికి చెప్పినవా?"

గంగామణి సాయవ్వ పెద్దమ్మ బిడ్డ. "ఏం చెప్పాలక్కా?" అన్నాను, తెలియనట్టు.

"నువ్వు ఇన్నది. ఇని రెండు దినాలు సప్పుడు జెయ్యంది."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తది? పెద్దమ్మ తిరిగి వస్తదా?"

"రాదు. గని రేపు మల్ల గా గడపల నిలవడి, ఎట్లున్నరు అని అడగాలె నువ్వు. ఏం మొఖం పెట్టుకోని అడుగుతవ్?"

మర్నాడు పొద్దున వెళ్లాను. గంగామణి ఒక్కతే తల్లి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. విన్నాను, నవ్వాను, జ్వరాలు లేవని రాశాను, రెండు రోజులు ఊరుకున్నాను. ఎక్కడా తగ్గించలేదు. తిడుతుందని, చాట విసిరికొడుతుందని అనుకున్నాను. కావాలనే కోరుకున్నాను. ఆమె చుడుతున్న బీడీకి దారం కట్టి పక్కన పెట్టింది.

"అంటే గా పొగాకు మంచిదేనా అక్కా?" అంది. "అంబులెన్స్ ఎక్కేటప్పుడు సుత మా అవ్వ టేకేదారునే తిట్టింది. నాసిది ఇయ్యనియ్యకు బిడ్డా, ఈసారి కొట్లాడు అని నాకు చెప్పిపోయింది. నేను పోయి కొట్లాడిన గూడ."

"మంచిదే" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత ఆమె నాకు చాయ్ పెట్టింది, నేను తాగాను.

యశోదక్క పోయి ఏడాది దాటింది. మోస్రాలో, తన ఇంట్లో, గుండె ఆగి పోయింది. ఇప్పుడు ఆమె కుర్చీలో నేనున్నాను. ఊరు నిండుతూనే ఉంది. ఉన్న గదినే పరదా కట్టి రెండు చేస్తున్నారు, ఆ రెండింటినీ అద్దెకిస్తున్నారు. కరోనాలాంటిది ఇంకోటి వస్తుందా మేడం అని కొత్తగా చేరిన అమ్మాయిలు అడుగుతారు. రాదని చెప్పే ధైర్యం నాకు లేదు. జ్వరంగానే వస్తుందన్న నమ్మకమూ లేదు. ఎక్కడో నలుగురు ఆడవాళ్లు కూర్చుని, కూరలో ఉప్పు తెలియడం లేదనో, నీళ్లు చేదుగా ఉన్నాయనో ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటారు. పక్కనున్నవాళ్లకు నవ్వొస్తుంది. నాకూ వస్తుంది. వచ్చిన నవ్వు అక్కడే మింగేసి, చెప్పులు విప్పి వాళ్ల మధ్య కూర్చుంటాను. "మల్ల చెప్పు పెద్దమ్మా, ఎన్ని దినాల సంది?" అని అడుగుతాను.