బొట్టు పెట్టిన తోపులు

పెట్టె మీద బొమ్మ చూస్తే యుద్ధం గెలిచినట్టే ఉంటది. పొగ, మంట, బురదల దిగబడ్డ చక్రాలు, నోరు తెరిచి అరుస్తున్న గన్నర్లు. మూత తీస్తే లోపల బూడిద రంగు ప్లాస్టిక్ ముక్కలు, అంచుల పొంటి ఈకలు. బ్యారెల్ రెండు సగాలుగ వస్తది. అతికిస్తే నడుమ నిలువుగ ఒక గీత, చిక్కుడుకాయ ఈనె లెక్క. గన్నర్ల చేతులకు వేళ్లుండవు, అప్పాలుంటయి. ఒకని మొఖం అచ్చులనే సగం కరిగిపోయి ఉంటది. వాడు ఎటు చూసి గురి పెడ్తడో తయారు చేసినోనికే తెల్వాలె. థూ.

బొమ్మ ఫిరంగుల సెట్లు ఏరి దాచుకునుడు, దాచుకున్నంక తిట్టుడు. రిటైర్ అయినప్పటి సంది నా పని ఇదే. నా దగ్గర మూడు వందల తోపులున్నయని మేముండే బీరంగూడల చాలామందికి చెప్పిన. అబద్ధం. బీరువాల అడుగు అర నిండ ఉన్నయి, అంతే. అందుల కొన్నిటికి చక్రాలు లెవ్వు. ఢిల్లీ నుంచి ఒక కర్నల్ సాబ్ ఫోన్ చేసి నా సలహా అడిగిండని గూడ చెప్పిన. ఫోన్ వచ్చింది నిజమే, ఢిల్లీ నుంచే. క్రెడిట్ కార్డు కావాల్నా అని అడిగిండు. ఇగ అసలు తోపు పేలంగ నేనెన్నడు చూడలేదు. ఒక మిలిటరీ గేటు ముందర సిమెంటు దిమ్మె మీద, మూతికి బిరడా కొట్టి నిలబెట్టిన పాత తోపును చూసిన. దాని చుట్టు నేను తిరుగుతనే ఉంటే ఆఖరికి సెంట్రీ వచ్చి, "క్యా దేఖ్‌తే చాచా, ఘర్ లే జాతే క్యా?" అన్నడు, ఇంటికి తీస్కపోతవా అన్నట్టు.

కన్ను మాత్రం అబద్ధం కాదు. పెద్ద ఫ్యాక్టరీల నాది ఇన్‌స్పెక్షన్ పని. మిషన్ షాపుల నుంచి తయారై వచ్చిన ముక్కను కొలుసుడు, తప్పుంటే దాని మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టుడు. ఎర్ర చుక్క పడితే అది తుక్కు కుప్పకే. నేను డబ్బా పట్టుకొని నడిస్తే, "వచ్చిండురా యముడు, కుంచె తోని" అని నవ్వెటోళ్లు. నాకు గది పొగడ్త లెక్క ఉండేది. రిటైర్ అయినంక డబ్బా వాపస్ చేసిన. కన్ను వాపస్ తీసుకునెటోడు ఎవడూ లేడు.

ఈ పిచ్చి నా ఒక్కనికే లేదు. ఫోన్ల మాకొక గ్రూపు ఉంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలల్ల పని చేసెటోళ్లు, చేసి దిగిపోయినోళ్లు. ఎవరన్న కొత్త తోపు కట్టి ఫోటో పెడితే నేను దాన్ని పెద్దగ చేసి చూసి వాయిస్ మెసేజ్ పెడ్త. టైపు చేస్తే అసహ్యం సరిగ రాదు. "ఛీ" అనేది నోటితోని అంటెనే ఛీ. ఒకాయన టైర్లకు బూటు పాలిష్ రుద్దిండు. పెండ్లికి పోతున్నయా అవి? ఇంకొకాయన బురద అని చెప్పి కాఫీ పొడి అతికించిండు. వారం తిరిగేసరికి దానికి చీమలు పట్టినయి. అన్నీ చెప్పిన. దాచుకోలేదు.

గ్రూపుల ఒక సారున్నడు. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడనే ఇల్లు కట్టుకున్న మనిషి. మా ఫ్యాక్టరీల డ్రాయింగ్ ఆఫీసుల పని చేసి దిగిపోయిండు. మర్యాదస్తుడు, నెమ్మదిగ మాట్లాడ్తడు. ఆయన నెలల తరబడి కూసోని ఒక హవిట్జర్ తోపు కట్టిండు. దాని బ్యారెల్ మీద ఏదో తేడా కొట్టింది నాకు. "సారూ, బెండకాయకు చక్రాలు పెట్టినట్టున్నది" అని వాయిస్ పెట్టిన. గ్రూపుల నవ్వే నవ్వు. సారు మూడో దినం ఒక మెసేజ్ పెట్టిండు. "అన్నగారూ, దసరా వెళ్లాక మనందరం కలుస్తాం కదా. మీ చేత్తో కట్టిన సెట్టు ఒకటి టేబుల్ మీద పెట్టండి. మేమూ చూస్తాం."

కింద వరుసగ బొటనవేళ్లు లేసినయి. చీమలు పట్టినాయనైతే ఒకటి కాదు, ఐదు పెట్టిండు.

అప్పుడు అర్థమైంది నాకు. నేను కొన్నయి, తిట్టినయి, ముక్కలు విప్పి మళ్లీ పెట్టెల పెట్టినయి ఉన్నయి గని, నా చేత్తోని పూర్తిగ కట్టింది ఒక్కటి లేదు. పెట్టకపోతే ఇగ గ్రూపుల నా నోరు మూతపడ్డట్టే. నోరు మూసుకొని బతికే వయసా నాది?

"పెడ్త. లేత్ మిషన్ మీద ఇత్తడి బ్యారెళ్లు తీయించి మరీ పెడ్త" అని వాయిస్ కొట్టిన. లేత్ లేదు, గీత్ లేదు. బాల్‌పెన్ రీఫిళ్లు కోసిన.

పాతకాలపు ఫీల్డ్ గన్నులు, గన్నర్లు, ఇదీ సెట్టు. కూసున్నంక తెలిసింది, కన్ను ఇంక డ్యూటీల ఉంది గని చెయ్యి ఎన్నడో దిగిపోయింది. కన్ను చెప్పిన కాడ కుంచె ఆనదు. చక్రం అతికిస్తుంటే వేలు జారి, జిగురు నా అంగికి అంటుతది. మా ఆమె వచ్చి చూసి, "ఆ బొమ్మలకేమో గని నీ అంగికి మంచిగ అతికించినవు" అన్నది.

"బొమ్మలు కావే, తోపులు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"సరే, తోపులే. బువ్వ తిను."

ఒకదాని బ్యారెల్ మరీ వంకర పోయింది. దానికి అతికిన గన్నర్ తోని సహా దాన్ని చెప్పుల స్టాండు ఎనుక దాచిన. మిగిలిన నాలుగు దూరం నుంచి చూస్తే తోపుల లెక్కనే ఉన్నయి. దగ్గరికి పోతే నా నోట్లకెళ్లే ఛీ అని వచ్చేది. అయినా రంగు పూర్తి చేసిన. ఇగ మీదికెళ్లి వార్నిష్ కొడితే రంగు గట్టిపడి ఏదీ అంటదు. ఆ వార్నిష్ కొనుక్కొద్దామని ఆయుధ పూజ నాడు పొద్దుగాల్నే బస్సెక్కి సంగారెడ్డి పోయిన. సగం దుకాణాలు మూసే ఉన్నయి. దొరికేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇంటికొచ్చేసరికి ఊదుబత్తుల వాసన. పటాన్‌చెరు ఫ్యాక్టరీల గాలికి నా ముక్కు సగం చచ్చింది గని గది తెలిసింది. స్కూటర్‌కు బంతిపూల దండ. మిక్సీకి బొట్టు, ఇస్త్రీ పెట్టెకు బొట్టు, కత్తిపీటకు, కుక్కర్‌కు బొట్టు. ఈ పద్ధతి నాదే. ఫ్యాక్టరీల దసరాకు మిషన్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టెటోళ్లం. రిటైర్ అయినంక గూడ ఇంట్ల పని చేసే ప్రతి వస్తువుకు బొట్టు పడాలె అని నేనే పట్టు పట్టిన. పోయినేడు మిక్సీని మర్చిపోయిందని ఇల్లు పీకి పందిరేసిన.

నా టేబుల్ దగ్గరికొచ్చి ఆగిపోయిన.

నాలుగు తోపుల బ్యారెళ్లకు నిండ పసుపు. ముందరి రేకుకు కుంకుమ. బండికి చక్రాల కింద నిమ్మకాయ పెడ్తం గద, ఇక్కడ తోపు కన్న నిమ్మకాయే పెద్దది. అందుకని తోపును నిమ్మకాయ మీద కూసోబెట్టింది. గన్నర్లను గూడ ఇడువలేదు. వాళ్ల తలకాయ మినపగింజంత. బొట్టు పెడితే మొఖం మొత్తం బొట్టే. ఎర్ర చుక్కలు. నా పాత కన్నుకు గవి కుంకుమ లెక్క కనబడలేదు, మొత్తం లాట్ రిజెక్ట్ అయినట్టు కనబడ్డది.

"ఏం చేసినవే ఇది?"

"ఏం చేసిన? పూజ చేసిన."

"బొమ్మలకు పూజేందే!"

"ఓహో, ఇయ్యాల బొమ్మలైనయా? నిన్నటి దాక బొమ్మలు కావు తోపులని నా తోని కొట్లాడిందెవరు? ఇంట్ల ఉన్న ఒక్క ఆయుధం అవ్వే. కత్తిపీటకు పెట్టి తోపుకు పెట్టకపోతే ఊకుంటవా నువ్వు?"

"ఇది ప్లాస్టిక్!"

"లేత్ మీద తీసిన బ్యారెళ్లని వచ్చినోనికల్లా నువ్వే చెప్తివి. నాకేం తెల్సు?"

నా నోట్ల మాట నాకే అడ్డమొచ్చింది.

సబ్బు నీళ్లు తెచ్చి కుంచెతోని రుద్దిన. సబ్బు తగలంగనే పసుపు ఎర్రగైంది, పారాణి లెక్క. థిన్నర్ పెట్టిన. పసుపు పోలేదు గని కింద రంగు లేసొచ్చింది. వార్నిష్ సీసా జేబులనే ఉంది. పొద్దున్నే దొరికుంటే ఇంత కాకపోవు. నా తిట్లకు వాడకట్టు వాడకట్టంత విన్నది. ఆమె మాత్రం మెల్లగ అన్నది. "నేనొచ్చి చెప్పాల్నా, నేనే చేసిన అని?"

"వద్దు."

"జ్వరమని చెప్పు మరి."

జ్వరం ఆలోచన నాకు గూడ వచ్చింది. కాదనను. గని చీమలు పట్టినాయన ఐదు బొటనవేళ్లు కండ్ల ముందర ఆడినయి. నాలుగింటినీ మిఠాయి డబ్బాల సర్దిన. దారిల చక్రాలు ఊడితే పనికొస్తయని చెప్పుల స్టాండు ఎనుకున్న వంకరదాన్ని గూడ అంగి జేబుల వేసుకున్న.

దసరా ఎల్లినంక పోతిరెడ్డిపల్లిల ఒక చిన్న ఫంక్షన్ హాల్ మేడ మీద కలిసినం. నిన్నటి దావత్ వాసన ఇంక పోలేదు. టేబుళ్ల మీద అందరి తోపులు, ఒక్కటి సక్కంగ లేదు. అది వేరే ముచ్చట. నావి నాలుగు బయట పెట్టి చేతులు కట్టుకొని నిలబడ్డ. రానియ్, తిట్టనియ్ అనుకున్న. మొత్తం తప్పులు నాకు ముందే తెల్సు. జవాబులు గూడ తయారు చేసుకున్న.

మొదట చీమలు పట్టినాయన వచ్చిండు. జేబులకెళ్లి భూతద్దం తీసిండు. వంగిండు. పసుపు చూసిండు. భూతద్దం మళ్లీ జేబుల పెట్టి, తోపును ముట్టుకొని ఆ వేళ్లు కండ్లకద్దుకున్నడు.

"పూజ చేయించినవా అన్నా? మంచి పని చేసినవ్."

"గది కాదయా, బ్యారెల్ చూడు."

"చూసిన. సల్లగుండాలె."

ఇంకొకాయనైతే చెప్పులు విడిచి వచ్చిండు. ఒకరి తర్వాత ఒకరు వచ్చుడు, దండం పెట్టుడు, పోవుడు. చక్రం ఎక్కువ తక్కువ ఉందని ఒక్కడు అనడు. రంగుల వెంట్రుక ఇరుక్కుందని ఒక్కడు అనడు. బతుకంత తప్పుడు సామాను చూసి అసహ్యించుకున్న గని, తప్పుడు సామానుకు దండం పెడుతుంటే పక్కన నిలబడుడంత అసహ్యం నాకెన్నడు కాలేదు. ఇట్లైతే నేను గెలిచినట్టు కాదు, ఓడినట్టు కాదు. రేపటి సంది గ్రూపుల నేను ఛీ అంటే దానికి అర్థమేముంటది?

ఆఖరికి సారు వచ్చిండు. చేతులెనుక పెట్టుకొని సాంతం చూసిండు.

"బాగున్నాయండీ" అన్నడు.

"సారూ, నీ కడుపుల మాట చెప్పు."

"పూజ చేసిన వాటిని ఏమంటామండీ? పాపం కదూ. ఇంట్లో ఆవిడ శ్రద్ధగా పెట్టి ఉంటారు."

నేను జేబుల చెయ్యి పెట్టి వంకరదాన్ని తీసి ఆయన ముందర పెట్టిన. "దీనికి బొట్టు లేదు. ఇప్పుడు చెప్పు."

సారు నా దిక్కు చూసిండు. కండ్లద్దాలు తుడుచుకొని, కుర్చీ లాక్కొని కూసున్నడు. నెమ్మదైన మనిషి గద, నెమ్మదిగనే మొదలు పెట్టిండు.

"బ్యారెల్ ఎడమకి వాలిందండీ. గురి శత్రువు మీద లేదు, పక్కనున్న మన ఫిరంగుల మీదే ఉంది."

"అవు."

"ఒక చక్రం తిరగేసి అతికించారు. టైరు గాడులు చూడండి, ఒకటి ముందుకి పోతుంటే ఇంకోటి వెనక్కి వస్తోంది. ఈ రేకు మందం చూస్తే రేకు కాదు, తలుపు. గొళ్లెం ఒకటి తక్కువ. వీడేమిటండీ, ఈ గన్నరు? గుండు మోస్తున్నాడా, గుమ్మడికాయ తెస్తున్నాడా?"

చుట్టు మనుషులు చేరిన్రు. చెప్పులు విడిచినాయన మళ్లీ తొడుక్కొని వచ్చిండు.

"ఇది లేత్ మీద తీసిందేనా?" సారు రీఫిల్ కొసను గోటితో గీకిండు. నీలం సిరా అంటింది.

"...రీఫిలే."

"ఆ నాలుగూ?"

"అవి లేత్..." అన్న. సారు నీలం వేలు లేపి చూపెట్టిండు. "అవ్వి గూడ రీఫిళ్లే సారూ."

"నాది బెండకాయ అన్నారు. బెండకాయ తిన్నగానే ఉంటుందండీ. ఇది పొట్లకాయ, రాయి కట్టడం మర్చిపోయిన పొట్లకాయ."

నవ్వు లేసింది. చీమలు పట్టినాయన కుర్చీ మీద చెయ్యి కొట్టి నవ్విండు. నేను నవ్వలేదు. ఆయన చెప్పిన ప్రతి తప్పు నేను ముందే చూసినదే, ఒక్క గొళ్లెం తప్ప. గొళ్లెం నేను చూడలేదు. దాని మీదికెళ్లి నా మీద నాకు కలిగిన రోత ఇంత అంత కాదు.

"ఇంక ఉన్నయా?" అన్న.

"బోలెడున్నాయి. కూర్చోండి."

కూసున్న. మధ్యల నా ఫోన్ మోగింది. మా ఆమె. పొద్దటి సంది మనసు ఆగలేదేమో.

"ఏమన్నరయ్యా తోపుల్ని చూసి?"

"అందరు దండం పెట్టిన్రు. ఒకాయన చెప్పులు విడిచి మరీ పెట్టిండు."

"ఇగ ఆపు నీ కోతలు. నిజం చెప్పు."

"పొట్లకాయ అన్నరు."

"ఆఁ, గట్ల చెప్పు" అని ఫోన్ పెట్టేసింది. సారు కండ్లద్దాలు మీదికి జరిపి, "టైర్ల సంగతి ఇంకా పూర్తి కాలేదండీ" అన్నడు.