పుస్తకంలో పెద్దోడిని అన్న మాట

మొన్న కొరియర్ కుర్రాడు ఇచ్చి వెళ్లిన పుస్తకం అట్ట విప్పగానే గుప్పున కొత్త జిగురు వాసన కొట్టింది. మా తరంలో కాస్త చదివే అలవాటున్న వాళ్లందరూ ఏదో ఒక వేసవి సెలవుల్లో చదివిన నవలే అది. పట్నం చివర కొత్తగా వెలిసిన కాలనీలో పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల కథ. మళ్లీ అచ్చు వేశారంటే ఆశపడి తెప్పించుకున్నాను గాని, పేజీ తెరవడానికి చెయ్యి రాక, ఫోన్ తీసి ఆ పుస్తకం కింద జనం రాసిన అభిప్రాయాలు చదువుతూ కూర్చున్నాను. పెద్దవాడు ఒట్టి స్వార్థపరుడని ఒకరు, తప్పంతా తండ్రిదేనని ఇంకొకరు, ఆ తల్లికి మనసే లేదని, అందుకే రెండు స్టార్లు ఇచ్చానని మరొకరు. వాళ్లకేం, తోచింది రాసి హాయిగా నిద్రపోయి ఉంటారు. నాకు మాత్రం ఆ నవల గురించి ఎవరు నోరు విప్పినా, ఆ మాట వెళ్లి ఇంట్లో ఎవరికి తగులుతుందోనని ఈ వయసులో కూడా భయమే.

మా ఊరు వశిష్ఠ గోదావరికి పడమటి ఒడ్డున ఉంటుంది. ఆడవాళ్లు లేసు అల్లే ఊరు. మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు తోముకుని, పసుపూ కారం పోయేదాకా చేతులు రుద్ది కడుక్కుని (తెల్లదారానికి మరక అంటితే లేసు కొనే ఏజెంటు వెనక్కి కొట్టేస్తాడు), ఒళ్లో దారపుండా వేళ్ల మధ్య కొక్కెం సూదీ పెట్టుకుని మా వసారాలోకి చేరేవారు. మా వసారాకి తూర్పు గాలి తగిలేది, అదీ కాక మా అమ్మ కాంతమ్మ ఎవరినీ పొమ్మనేది కాదు. వేసవిలో ఆ వసారా వాసనలు ఇన్నీ అన్నీ కావు. పెరట్లో చాపల మీద ఎండే మామిడి తాండ్ర తియ్యటి పులుపు, ఆవకాయ కోసం దంచిన ఆవపిండి ఘాటు, మూల బస్తాలో మగ్గుతున్న పనసకాయ, సాయంత్రం నీళ్లు చల్లితే లేచే మట్టి వాసన, వీటన్నిటి మధ్యా చడీచప్పుడు లేకుండా సూదులు ఆడుతూ ఉండేవి. పిల్లలం గచ్చు మీద చింతపిక్కలాట ఆడుకుంటూ, గింజలు మరీ చప్పుడు చేస్తే తిట్లు తింటూ ఉండేవాళ్లం.

చేతులు ఖాళీ లేవు గాని చెవులు ఖాళీయే కదా. అందుకని ఎవరో ఒకరు నవల చదివి వినిపించాలి. ఆ ఏడు ఆ పని నాకు పడింది. ఎనిమిదో తరగతికి వెళ్లబోతున్నాను, గొంతు గట్టిది, ఒత్తులు మింగనని మాస్టారు మెచ్చుకున్న పిల్లని. గ్రంథాలయం నుంచి తెచ్చిన ఆ నవల రోజుకింత చొప్పున చదివేదాన్ని. ఒక అధ్యాయం అవగానే అభిప్రాయాలు మొదలయ్యేవి.

ఆ అభిప్రాయాల సంగతి మీకు చెప్పాలి. మా వసారాలో పుస్తకం గురించి మాట్లాడితే అది పుస్తకం గురించి కాదు. సూటిగా అనలేని మాటలన్నీ పాత్రల మీద పెట్టి అనేవారు. కోడలి మీద కోపం వచ్చిన అత్తగారు కథలోని కోడలిని కడిగేసేది. ఎదురింటి మంగాయమ్మ గారు కథలో తాగుబోతు వచ్చినప్పుడల్లా గొంతు పెంచి వీధి దాకా వినపడేలా తిట్టేది, ఎందుకో ఊరందరికీ తెలుసు. మా ఇంట్లో నాన్న లోపలి గదిలో పడక కుర్చీలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకునేవారు. నిద్రపోయేవారని నేను ఒక్కనాడూ నమ్మలేదు. "ఆ తండ్రేంటండీ, కొడుకుతో మాటే ఆడడు! మాటాడకపోతే పిల్లోడికి బుద్ధి వచ్చేత్తదా?" అని అమ్మ అనేది, సూది ఆపకుండా. లోపల పేపరు కదిలేది.

ఎందుకంటే మా సత్తిబాబు అన్నయ్య ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. అన్నయ్యకి మళ్లీ పరీక్ష రాయాలని లేదు. అమలాపురంలో మాకు మావయ్య వరసైన ఒకాయన మోటారు వైండింగ్ షాపులో చేరి పని నేర్చుకుంటానంటాడు. నాన్న వింటేగా! ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరి నీడ ఒకరికి తగలకుండా తిరిగేవారు. నవల్లోనూ అంతే, పెద్దవాడు చదువులో వెనకబడ్డవాడు, ఇంట్లో ఇమడనివాడు, చిన్నవాడు క్లాసులో ఫస్టు. ఆ చిన్నవాడి చోట మా ఇంట్లో నేను. అందుకే పేజీ తిప్పినప్పుడల్లా ఓరకంట తలుపు వైపు చూసేదాన్ని. అన్నయ్య లోపల ఉన్నాడా, వింటున్నాడా, ఈ మాట వాడికి ఎలా తగులుతుంది?

ఆ రోజు చదివిన అధ్యాయంలో పెద్దవాడు తమ్ముణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వంతెన మీంచి చేతులు వదిలేసి దిగుతాడు. చిన్నవాడు పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. వసారాలో సూదులన్నీ ఆగిపోయాయి. ఆ వారంలోనే అన్నయ్య సైకిలు మీంచి నేనూ పడ్డాను. నా మోకాలికి ఇంకా కట్టు ఉంది. పేజీ అయిపోయింది. మా అమ్మ కళ్లు తుడుచుకుని, "అలాంటోడు ఇంట్లో ఉంటే చిన్నోడి ప్రాణానికే ముప్పండీ. వాడి దారిన వాడు పోతేనే ఆ ఇల్లు బాగుపడుద్ది" అంది.

అన్నయ్య లోపల గుమ్మం పక్కనే కూర్చుని తాటికాయలు కొట్టి ముంజలు తీస్తున్నాడు. కత్తి చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైందో లేదో నేను గమనించలేదు, ఎవరో మంచినీళ్లు అడిగితే లేచి వెళ్లాను.

సాయంత్రం దీపం పెట్టే వేళకి అమ్మ చూస్తే పళ్లెం నిండా ఒలిచిన ముంజలు ఉన్నాయి, వాడు లేడు. సైకిలూ లేదు. వీధిలో ఆడుకుంటున్నాడేమో అనుకున్నాం, లేడు. కాలవ గట్టున లేడు, స్నేహితుల ఇళ్లల్లో లేడు. ఇంకా వసారాలో దారం చుట్టుకుంటున్న సువార్తమ్మ గారికి ముందు తోచింది. చర్చిలో పాటలు పాడించే పెద్దావిడ, తొందరపడి మాట్లాడే మనిషి కాదు.

"కాంతమ్మ గారూ, మధ్యాహ్నం మీరన్న మాట కుర్రోడు తననే అనుకున్నాడేమోనండి."

"అయ్యో, నేను పుస్తకంలో వాడినన్నానండీ బాబూ!" అంది అమ్మ. అక్కడున్న ఎవరి మొహంలోనూ ఆ మాట నమ్మిన జాడ లేదు. నేనూ నమ్మలేదు. ఆ వసారాలో ఇన్నేళ్లుగా ఏ మాట పుస్తకం గురించి అన్నారని నమ్మడానికి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని వాణ్ణి అనడానికీ లేదు; మా ఊళ్లో పెరిగిన ఏ పిల్లాడైనా అలాగే అనుకుంటాడు. తన జీవితం మొత్తంలో మా అమ్మ నిజంగా కథలో పడిపోయి, కథలో మనిషి గురించే మాట్లాడిన రోజు అదొక్కటేనేమో. చేతిలో లేసు కింద పడితే తీసుకోలేదు.

నాన్న చొక్కా తొడుక్కుంటూ, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సులు ఆగే చోటుకి పరిగెత్తారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని రేవు దారి పట్టింది. అమలాపురం వెళ్లాలంటే పంటు మీద గోదావరి దాటాల్సిందే. కానీ రేవు దారిలో ఉన్నది పంటు ఒక్కటేనా, గోదావరి కూడా ఉంది. ఆ మాట అమ్మ పైకి అనలేదు, నేనూ అనలేదు, ఇద్దరం అదే అనుకుంటూ నడిచాం. అమ్మ చెయ్యి చెమటకి జారిపోతూ ఉంటే మాటిమాటికీ గట్టిగా పట్టుకునేది. నాకు తెలిసిన దండకాలన్నీ కలగాపులగంగా చదువుకున్నాను. మధ్యలో, నేను చదివిన అధ్యాయమే కదా, నేను కాస్త దగ్గి ఇవాళ్టికి గొంతు బాగాలేదంటే సరిపోయేది కదా అని ఏడుపొచ్చింది.

రేవులో సైకిలు రావిచెట్టుకి ఆనించి ఉంది. పంటు అవతలి ఒడ్డున ఉంది. అమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సైకిలు ఉంది, మనిషి లేడు. అవతలికి వెళ్లాడా, లేక... ఆ లేకని నేను ఇప్పటికీ పూర్తి చెయ్యలేను.

వాడు మెట్ల చివర, నీళ్లకి కాస్త పైన కూర్చుని ఉన్నాడు. పంటు తిరిగి వస్తే ఎక్కుదామని. చేతిలో చిన్న గుడ్డ సంచి. మమ్మల్ని చూశాడు గాని లేవలేదు. చుట్టూ పంటు కోసం నిలబడ్డ జనం, అరటిగెలల వాళ్లు, తెలిసిన మొహాలు. మా అమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుంటుందని, ఏడుస్తుందని నేను అనుకున్నాను. అలా చెయ్యడం ఆమెకి రాదు. రెండు మెట్లు పైనే ఆగి, వాడికి వినపడేలా నాతో అంది:

"బుజ్జీ, ఆ పుస్తకంలో తల్లికి బుద్ధి లేదే. కన్న కొడుకు పోతే ఇల్లు బాగుపడుద్దని ఎవత్తైనా అంటదా?"

"ఆవిడ అలా అనలేదమ్మా" అన్నాను, నాకు అర్థం కాక.

"అంది. నువ్వు సరిగ్గా చదవలేదు. అని, తర్వాత ఏడిసింది. కొడుకు కోసం రేవుకొచ్చింది."

ఆ నవల్లో రేవే లేదు. అన్నయ్య నీళ్లకేసి చూస్తూ, "వచ్చి ఏమందంటమ్మా?" అని అడిగాడు, తల తిప్పకుండా.

అమ్మ ఒక మెట్టు దిగింది. "అన్నానికి రమ్మంది" అంది.

వాడు లేచి సైకిలు తీశాడు. నా మోకాలి కట్టు చూసి ముందు కడ్డీ మీద ఎక్కించుకోకుండా, వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ వచ్చాడు. ఆ నెల తిరక్కుండానే నాన్నే వాణ్ణి పంటు దాటించి అమలాపురంలో చేర్చి వచ్చారు. నవల నేను చదివి పూర్తి చేశాను గాని ఆ తర్వాత అభిప్రాయాలు చెప్పిన వాళ్లు లేరు. బాగుందండీ అనేవారు, సూదులు ఆడించేవారు.

ఇప్పుడు మా ఊళ్లో మిషను లేసే ఎక్కువ. వసారాలకి ఇనప గ్రిల్సు వచ్చాయి. మధ్యాహ్నం పూట ఎవరి టీవీ వాళ్లది. అన్నయ్యకి రాజమండ్రి చివర కాలనీలో ఇల్లు, కింద వైండింగ్ షాపు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇంటర్ తప్పి, తండ్రి టీవీ సీరియల్లో కుర్రాడి మీద పెట్టి ఏదో అన్నాడని, గదిలో తలుపేసుకుని కూర్చున్నాడని వదిన ఏడుస్తూ ఫోన్ చేస్తే నిన్న వెళ్లాను. అన్నం బల్ల దగ్గర కూర్చుని, పాత అలవాటు చొప్పున, ఎవరో తెలిసిన వాళ్ల అబ్బాయి కథ ఒకటి ఎత్తుకుని, ఆ తండ్రిదే తప్పు, మార్కులు పోతే పోయాయి, పిల్లాడి కంటే ఎక్కువా అని గట్టిగా అన్నాను. అన్నయ్య అందుకుని ఇంకా గట్టిగా అన్నాడు. గదిలోంచి చప్పుడు లేదు. వాడి చెవుల్లో హెడ్‌ఫోన్సు ఉంటాయండి, మనం ఇక్కడ ఎంత అరిచినా వినపడదు అంది వదిన.

మాటలు తగలకుండా ఉంటే బాగుండునని నేను చిన్నప్పుడు ఎన్ని మొక్కులు మొక్కానో. ఇప్పుడు తగలడం లేదు.

అన్నయ్య లేచాడు. తలుపు దగ్గరికి వెళ్లి అది అదిరేలా తట్టాడు. తలుపు తెరుచుకుంది, చెవుల మీంచి ఆ వస్తువు తీస్తూ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. అన్నయ్య నోరు తెరిచాడు. మొహానికి మొహం పెట్టి మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

"ఆ రోజు నేను అన్నది నిన్నేరా" అన్నాడు చివరికి. "తప్పు. నాదే."