మూడు సంతకాలు, ఒక గులాబీ జాకెట్

2006 సెప్టెంబరులో నేను ఎడిసన్ అనే ఊళ్లోని ఒక పబ్లిక్ హైస్కూల్లో గైడెన్స్ కౌన్సెలర్‌గా ఉన్నాను. పన్నెండో తరగతి పిల్లల కాలేజీ దరఖాస్తులు చూడటం నా పని. అందులో అన్నిటికన్నా గట్టి ముడి ఎర్లీ డెసిషన్. మామూలు పద్ధతిలో ఎన్ని కాలేజీలకైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎర్లీ డెసిషన్ మాత్రం ఒక్క కాలేజీకే, అదీ నవంబరు మొదట్లోనే. సీటు వస్తే అక్కడే చేరాలి, మిగతావన్నీ వదులుకోవాలి. ఆ ఒప్పందం మీద విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి.

ఆ ఏడాది మొదట వచ్చింది హారిక తండ్రి మురళి గారు. డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగి, అతి జాగ్రత్త మనిషి. వస్తూనే తలుపు వేసి, కిటికీ తెర కూడా దించారు. హారిక కోరుకున్నది కొండల మధ్య, సగం ఏడాది మంచులో ఉండే ఒక చిన్న కాలేజీ. వేసవిలో చూసి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల అక్కడి రాళ్ల గురించే మాట్లాడేది. భూగర్భశాస్త్రం చదవాలని ఆశ. తండ్రికీ అభ్యంతరం లేదు. ఆయన భయమల్లా వాళ్ల వీధిలోనే ఉండే రోహిత్. వాడికి మార్కులు ఎక్కువ. ఒకే స్కూలు నుంచి ఇద్దరు తెలుగు పిల్లల్ని ఏ కాలేజీ తీసుకోదని మురళి గారి సిద్ధాంతం. ఎక్కడ చదివారో చెప్పలేదు. రోహిత్ కూడా అక్కడే పెడుతుంటే హారిక చేత వేరే చోట పెట్టిస్తానన్నారు.

ఒక విద్యార్థి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని మాకు నియమం. ఆ మాటే చెప్పాను.

"కాలేజీ పేరు చెప్పొద్దులెండి శారద గారూ. చలి ప్రాంతమా, ఎండ ప్రాంతమా, అంతవరకు చెప్పండి చాలు," అన్నారు.

నేను మంచినీళ్లు తాగాను. "అర్థమైందండి," అని లేచారు. ఏమర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే రోహిత్ తండ్రి సుధాకర్ గారు వచ్చారు. ఆయనా తెర దించారు. ఆయన ఎంచుకున్నదీ ఆ మంచు కాలేజీనే. దాని బ్రోషరు మురళి గారి ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బాలో కనపడిందట.

"మురళి అంత స్టడీ చేసిండంటే ఊరికే ఉండదు మేడం," అన్నారు. ఆ కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందో మాత్రం నన్నే అడిగారు.

తర్వాత ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళితే ఇద్దరూ అక్కడే ఉన్నారు. మా అమ్మాయికి చదువు మీద ధ్యాసే లేదని మురళి గారు అంటే, మావాడు డిగ్రీ గట్టెక్కితే అదే గొప్పని సుధాకర్ గారు అన్నారు. పిల్లలిద్దరూ పక్కనే నిలబడి పులిహోర తింటూ అంతా విన్నారు.

అక్టోబరులో మురళి గారు ఫోన్ చేసి, కాలేజీ మార్చామని, ఇప్పుడు సముద్రం పక్కన ఉన్నదానికి పెడుతున్నామని చెప్పారు. మర్నాడు హారిక వచ్చింది.

"రోహిత్ కూడా అక్కడే పెడతాడనుకుని నాన్న మార్చేశారు, ఆంటీ. రోహిత్‌కి అసలు అక్కడికి వెళ్లాలనే లేదు. వాడు ఎర్లీయే చేయడు. వాళ్ల డాడ్‌కి ఇంకా చెప్పలేదు. నేనూ చెప్పనని ప్రామిస్ చేశాను," అంది. స్కూల్లో నన్ను ఎప్పుడూ ఆంటీ అనని పిల్ల. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

నాకు ఒళ్లు మండింది. కానీ నోరు విప్పడానికి లేదు. నియమం నా నోటికే గాని బయట హాల్లో కుర్చీలకు లేదు. ఇద్దరు తండ్రులకూ, పిల్లలకూ ఒకే టైమిచ్చి పిలిచాను.

మురళి గారు ముందు వచ్చారు. అద్దాల తలుపులోంచి సుధాకర్ గారు కనపడగానే, పిల్లలు పారేసుకున్న వస్తువులు వేసే మూలనున్న పెట్టె దగ్గరికి పరుగున వెళ్లి, మెరుపు బిళ్లలు కుట్టిన చలికి తొడుక్కునే గులాబీ జాకెట్ ఒకటి పైకి తీశారు. అమ్మాయి పోగొట్టుకుంటే వెతకడానికి వచ్చానన్నారు. తానూ అదే పని మీద వచ్చానని సుధాకర్ గారు ఎడమచేతి గ్లవ్ ఒకటి తీసుకున్నారు. ఇద్దరూ జాకెట్‌తో, గ్లవ్‌తో పక్కపక్కన కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. పిల్లలు రాగానే నలుగురినీ ఒకేసారి లోపలికి పిలిచి, ఎవరెక్కడ పెడుతున్నారో మీరే చెప్పుకోండన్నాను.

రోహిత్ తన తండ్రి వైపు చూడలేదు. మురళి గారికే చెప్పాడు. "అంకుల్, నేను ఎక్కడా ఎర్లీ చేయట్లేదు. పిస్కాటవేలో ఉన్న యూనివర్సిటీకి రెగ్యులర్‌గా అప్లై చేస్తా. ఇంటికి దగ్గర."

"మరి నాతోని ఎందుకు చెప్పలేదురా?" అన్నారు సుధాకర్ గారు.

"ఎవరికీ చెప్పొద్దని మీరే అన్నారు కదా డాడీ."

మంచు కాలేజీ ఒప్పందాన్ని హారిక ముందు పెట్టాను. తండ్రి వైపు చూడకుండా సంతకం పెట్టింది. మురళి గారు జాకెట్ ఒళ్లో పెట్టుకుని రెండో సంతకం పెట్టారు. మూడోది నాది.

డిసెంబరులో హారికకి సీటొచ్చింది. మురళి గారు మాత్రం వసంతం దాకా ఎవరడిగినా ఇంకా ఏమీ తేలలేదనే చెప్పారు. జాకెట్‌ని డ్రై క్లీన్ చేయించి పంపారు. గ్లవ్ తిరిగి రాలేదు.

ఆ ఏటి నుంచి విద్యార్థి సంతకం ముందు తీసుకునేదాన్ని, తల్లిదండ్రులది తర్వాత. ఎక్కడ పెడితే మంచిదని అడగడానికి వచ్చిన ప్రతి తండ్రినీ, ఇంట్లో పిల్లల్ని అడిగారా అని అడిగేదాన్ని. చాలామంది ఆ సలహా శ్రద్ధగా రాసుకుని, ఇంకెవరికీ చెప్పొద్దని నన్ను కోరి వెళ్లేవారు.