జింకగిట్టలు పూసిన అక్టోబరు

మతెవాల పట్నం దాటాక వచ్చే ఎండిన చెరువు మైదానం అంచున ఇల్లు కట్టుకుని, మేకలు కాసుకుంటూ ముసలివాడయ్యాడు క్రిసోఫొరో. ఇంటి ఎదురుగా కళ్లమంత చోటులో జింకగిట్టలుండేవి. గిట్ట గుర్తంత జెముడు మొక్కలవి. ఎండలకు మట్టిలోకి కుంగిపోతాయి, మీద నడిచినా తెలియదు. అక్టోబరులో మాత్రం గులాబీరంగు పూలు పూసి తమ ఆచూకీ తామే చెప్పేస్తాయి. ఊరికి కుళాయి వేసే దారి ఎవరికీ దొరకలేదు గానీ, ఈ మొక్కల్ని అమ్ముకోడానికి తవ్వుకుపోయే దారి ఎక్కడెక్కడి లారీలకో దొరికింది. పక్క మైదానం అలాగే గుల్లయింది.

అప్పటినుంచి మొగ్గ కనపడగానే క్రిసోఫొరో మేకల్ని తోలి మేపేసేవాడు. పువ్వు లేకపోతే మొక్క ఎవరి కంటా పడదు.

“ఏం మామా, నీ మేకపాల జున్ను అత్తరు వాసనొస్తోంది?” అనేవాళ్లు ఊళ్లోవాళ్లు.

“వాసనకి వేరే డబ్బులడిగానా? తిను.”

ఒక వేసవిలో మోకాళ్లమీద కూర్చుని మట్టి గీకి చూశాడు. అన్నీ ముదురు మొక్కలే. పిల్లమొక్క ఒక్కటీ లేదు.

“పూలు మేకలు తింటే విత్తనం ఎక్కణ్ణుంచొస్తుంది ముసలోడా?” అంది భార్య ఎర్మీలా. “దొంగ తవ్వితే ఒక్కరోజులో పోతాయి. నువ్వు కాస్తే మెల్లగా పోతాయి.”

ఆ అక్టోబరులో అతను మేకల్ని దొడ్లోనే కట్టేసి, మేతకి కొమ్మలు నరికి వేశాడు. ఆ చోటంతా పూసింది.

మిట్టమధ్యాహ్నం దూరంగా దుమ్ము లేచింది. క్రిసోఫొరో అటే చూస్తూ నిలబడ్డాడు.

“నిలబడి చూస్తావేం? దుప్పట్లు తడిపి పట్రా,” అంది ఎర్మీలా.

లారీ వచ్చి ఆగేసరికి పూలు కనపడకుండా తడి దుప్పట్లు పరిచి ఉన్నాయి.

“పెద్దాయనా, ఇక్కడ గులాబీరంగు పూలుంటాయటగా?” అన్నాడు లారీవాడు.

“ఉండేవి. నా మేకలు మేసేస్తాయి. ఊళ్లో ఎవర్నైనా అడుగు.”

“అడిగాను, అదే చెప్పారు. మరి ఇన్ని దుప్పట్లేంటి?”

“ఈయన రాత్రుళ్లు పక్క తడుపుతాడు నాయనా,” అంది ఎర్మీలా. “ఎన్నని ఉతకను?”

వాడు నవ్వుకుంటూ లారీ తిప్పాడు.

దుమ్ము అణిగాక ఇద్దరూ దుప్పట్లు ఎత్తారు. కొన్ని పూలు నలిగాయి. ఎక్కువే మిగిలాయి.

“వాడు ఊరంతా చెప్తాడే,” అన్నాడు క్రిసోఫొరో.

“చెప్పనీ. ఆ అంచు పట్టుకో.”

దుప్పటి మడతపెడుతుంటే తేనెటీగ ఒకటి వచ్చి తడి పువ్వు మీద వాలింది. అది ఎగిరి పక్క పువ్వు మీదికి వెళ్లేదాకా ఇద్దరూ కదలలేదు.