గీత ముందు కూర్చుండిపోయిన ఆటగాడు

అది 2023 అక్టోబరు ఆఖరు. వానలు వెనకబట్టాయి గాని యాంగూన్‌లో ఉక్కపోత ఎక్కడికీ పోలేదు. బోటాటౌంగ్‌లో పాత గోదాముల వెనక, లిఫ్టు లేని మేడలో ఐదో అంతస్తు మా ఆఫీసు. మేం అక్కడ ఏం చేస్తామో చెబితే మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధివాళ్లు ఇప్పటికీ నమ్మరు. అమెరికాలో కాలేజీ జట్లు ఆడే ఫుట్‌బాల్ వీడియోలు చూసి, ముక్కముక్కకీ గుర్తులు పెట్టి పంపడం మా పని. దీన్ని ట్యాగింగ్ అంటారు. ఆ గుర్తులు చూసుకునే అక్కడి కోచ్‌లు ఎవరు బాగా ఆడారో, ఎవరు ఆడలేదో లెక్క తేలుస్తారు.

మన ఫుట్‌బాల్‌కీ దానికీ పేరొక్కటే చుట్టరికం. బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, అడ్డొచ్చినవాణ్ని కుమ్ముతారు. బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే. ఒక్కో ఆటలో నూట ఎనభై దాకా ప్లేలుంటాయి. అన్నిటికీ గడియారంలో ఎంత సమయం మిగిలుందో, ఎవరు పరిగెత్తారో, ఎవరు పట్టుకున్నారో రాయాలి. పట్టుకోవలసినవాడు పట్టుకోలేకపోతే అది మిస్‌డ్ టాకిల్. అది వాడి పేరు మీద మచ్చ.

ట్యాగర్లు చేసిన పని సరిచూసే క్యూసీని నేను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు రేవులో ఓడల కాగితాలు రాసే గుమాస్తాను. తప్పులు పట్టడంలో మా ఇంట్లోనే నాకు పేరుంది, మా ఆయన్నడిగితే కథలు కథలుగా చెబుతారు. ఆట నియమాల పుస్తకం మూడుసార్లు చదివాను, కాబట్టి ఆట నాకొచ్చనే అనుకున్నాను.

మా ట్యాగర్లలో అందరికన్నా పెద్దవాడు అప్పన్న బాబాయి. అరవై ఏళ్లు దాటాయి. మా వీధి చివర ఇల్లు. ఆయన తాతగారిదీ మా తాతగారిదీ గంజాం జిల్లాలో పక్కపక్క ఊళ్లు, అలా బాబాయయ్యాడు. ఇన్సేన్ నుంచి వచ్చే బస్సు లైనులో ముప్పై ఏళ్లు టైమ్ కీపర్‌గా చేశాడు. దారి మధ్య గేటు దగ్గర చెక్క గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాయడం ఆయన ఉద్యోగం. లైన్లన్నీ కలిపేసి కొత్త పద్ధతి తెచ్చాక ఆ గదీ పోయింది, ఉద్యోగమూ పోయింది. గడియారం రాసేవాడే కదా అని నేనే ఈ పనిలో పెట్టించాను. పిన్ని పైడమ్మకి మోకాళ్లు పనిచేయవు, ఇల్లంతా ఈయన జీతం మీదే నడుస్తుంది.

ఆ ఆదివారం సంగతికొస్తాను. అక్కడ శనివారం రాత్రి ఆడిన ఆట మాకు ఆదివారం పొద్దున పదింటికి చేతికొచ్చింది. మధ్యాహ్నం మూడున్నరకల్లా పంపెయ్యాలి. ఆ రోజుల్లో కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలు ఉండేది కాదు. ఆ రోజు ఒంటిగంటకు పోతుంది, జనరేటరు రిపేరుకెళ్లింది. అంటే మూడున్నర మాట ఉత్తదే, నాకున్నది ఒంటిగంట దాకా. అప్పన్న బాబాయి చేసిన ఆఖరి ముక్క నా దగ్గరికొచ్చేసరికి పన్నెండూ ఇరవై.

అక్కడే నాకు బుర్ర తిరిగింది. ఆట చివరికొచ్చింది. తెల్ల చొక్కాలకు ఇరవై నాలుగు పాయింట్లు, నీలం చొక్కాలకూ ఇరవై నాలుగే. ఇంకా ఒక నిమిషం నలభై సెకన్లుంది. బంతి తెల్ల చొక్కాలవాళ్ల దగ్గరుంది. ఆరు గజాలు పరిగెత్తి గీత దాటితే ఆరు పాయింట్లొస్తాయి, దాన్ని టచ్‌డౌన్ అంటారు. ఆ పైన బంతిని కాలితో తన్ని ఇంకో పాయింటు తెచ్చుకోవచ్చు. తెల్ల చొక్కావాడొకడు బంతి పట్టుకుని బయల్దేరాడు. ఎదురుగా ఎవరూ లేరు. గీత ఇంకా రెండు గజాలుందనగా, ఎవరూ ముట్టుకోకుండానే, గడ్డి మీద చతికిలబడ్డాడు. అప్పన్న బాబాయి దానికి ‘తనంతట తానే ఆగాడు’ అన్న గుర్తు పెట్టాడు. గెలుపు గుమ్మంలోకొచ్చి ఎవడైనా కూర్చుంటాడా? కాలు జారిందని మార్చాను.

తరవాతి ప్లే ఇంకా విడ్డూరం. నీలం జట్టువాళ్లు తమకు మిగిలిన ఒకే ఒక్క అవకాశం వాడి గడియారం ఆపించారు. మళ్లీ ఆట మొదలుకాగానే వాళ్లలో నలుగురు, ఊరేగింపుకి దారిచ్చినట్టు, పక్కకు తప్పుకున్నారు. తెల్ల చొక్కావాడు ఆ ఊపులో గీత దాటేసి వెనక్కి చూసి తల పట్టుకున్నాడు. వాళ్ల కోచ్ చెవులకున్నది పీకి నేలకేసి కొట్టాడు. పాయింట్లు వేసినవాడు ఏడుపు మొహం పెట్టాడు, వేయించుకున్నవాడు హమ్మయ్య అనుకున్నాడు. అప్పన్న బాబాయి మిస్‌డ్ టాకిల్ గడి ఖాళీగా వదిలేశాడు. నేను నలుగురి నంబర్లూ అందులో ఎక్కించాను.

తెర మీద ఎర్రగా మారిన గుర్తులు చూసి ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి, అలా రావడం అదే మొదలు.

“సరోజమ్మా, ఆలు పట్టలేకపోలేదమ్మా. కావాలనే ఒగ్గీసినారు.”

“గెలవాల్సినవాళ్లు ఎందుకు ఒగ్గేస్తారు బాబాయ్?”

“టయిం కోసరం. రెండు నిమిసాలు కూకో, సెప్తాను.”

రెండు నిమిషాలు నా దగ్గర లేవు. గోడ మీద పన్నెండూ నలభై ఎనిమిది. తరవాత చూద్దామన్నాను. పైగా ఆ ఆట చివరిదాకా చూశాను కదా, నీలం జట్టు ముప్పై ఒకటికి ఇరవై నాలుగుతో ఓడిపోయింది. వాళ్లు విసిరిన ఆఖరి బంతి ఎవరి చేతికీ అందక గీత అవతల నేల మీద పడింది. కావాలని వదిలేసి ఓడిపోతారా ఎవరైనా? ఆ ఓటమే నాకు సాక్ష్యం. ఒంటిగంటకు నాలుగు నిమిషాలుందనగా ఫైలు పంపేశాను. కరెంటు పోయింది. నన్ను నేను మెచ్చుకుంటూ ఐదంతస్తులూ దిగాను.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. క్యూసీ మార్చిన పెద్ద గుర్తు ప్రతిదీ ట్యాగర్ ఖాతాలో తప్పుగా పడుతుంది. నెలలో మూడు పడితే మనిషిని ఆ పని నుంచి తీసేస్తారు. బాబాయికి ముందే ఒకటుంది, నేను రెండు కలిపాను. సోమవారం మా మేనేజర్ కో తురా ఆయన్ని మర్యాదగానే పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. బాబాయి అన్నం క్యారేజీ తీసుకుని, తన కుర్చీ బల్ల కిందకి తోసి వెళ్లిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. రూలంటే రూలే కదా అని సర్దిచెప్పుకున్నాను గాని ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి మోసుకెళ్లాను.

మంగళవారం పొద్దున నీలం జట్టు ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. ఆ నలుగురూ పట్టలేకపోవడం కాదు, దారి వదలమని కోచే చెప్పాడు, వాళ్ల మీద మిస్‌డ్ టాకిల్ ఎందుకు రాశారు? దానికి ముందు తెల్ల చొక్కావాడు కూర్చోవడం కూడా వాళ్ల కోచ్ చెప్పినదే. అది సరైన నిర్ణయం, మేమైనా అదే చేస్తాం. ఇది ఎవరి తప్పో తెలియజేయండి.

నాలుగుసార్లు చదివాను. ఓడినవాళ్లే తాము చేసింది సరైనదంటున్నారు, అవతలివాడిని కూడా మెచ్చుకుంటున్నారు. నాకు తలా తోకా అందలేదు. కో తురాకు మాత్రం ఏ అయోమయమూ లేదు. తప్పు చేసిన ట్యాగర్‌ను ఇప్పటికే తొలగించామని జవాబు కాగితం మీద రాసి, పంపేముందు చూడమని నాకిచ్చాడు. రేపు పొద్దున చెబుతానన్నాను.

సాయంత్రం ఐదింటికి బాబాయి ఇంటికెళ్లాను. పిన్ని టీ పెట్టింది. క్షమించమని అడగడానికి వెళ్లి, సిగ్గుతో ఆ మాట రాక, అసలు వాళ్లెందుకు వదిలేశారని అడిగాను. ఆయనకు కోపం లేదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

“ఒకే లైన్లో రెండు బస్సులు ఒకదానెనక ఒకటి ఉన్నాయనుకో,” అన్నాడు. “ముందరోడి సేతిలో ఇంకా టయిముంది. బేగి గేటుకొస్తే జరిమానా. అందుకని స్టాపుకాడే ఇంజినాడిస్తా నిలబడిపోతాడు. ఎక్కే జనాన్నంతా ఆడే ఎక్కించుకుంటాడు. ఎనకోడికి రోడ్డూ లేదు, జనమూ లేదు, టయిం అయిపోతంది. అప్పుడేటి సేస్తాడు?”

హారన్ కొడతాడేమోనన్నాను.

“ఎనకోడి కండక్టరు దిగి, తన బస్సులోనోల్లని కూడా ముందరి బస్సులోకి ఎక్కించీసీవోడు. ఇదిగో ఇదే ఎల్తాది, ఎక్కండెక్కండి అనీసి. బస్సు నిండిపోతే జనం గోల సేస్తారు, ముందరోడు కదలక తప్పదు. ఎనకోడికి జనం పోనారు గాని రోడ్డొచ్చింది.”

అప్పుడు మెల్లగా వెలిగింది. తెల్ల చొక్కాలవాళ్లు ముందరి బస్సు. పాయింట్లు సమానం, బంతి వాళ్లదే. తొందర లేదు. గీత ముందు కూర్చుంటే గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆఖరి సెకన్లలో బంతిని కాలితో కొయ్యల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంటే సరి, నీలంవాళ్ల చేతికి బంతే రాదు. గీత దాటి పాయింట్లు వేస్తే మాత్రం బంతి అవతలి జట్టుకి ఇవ్వాలి. అందుకే నీలంవాళ్లు గీత దాటించేశారు. పాయింట్లు పోయాయి, కానీ బంతీ ఒకటిన్నర నిమిషమూ దక్కాయి. నాకు నియమాల పుస్తకం కంఠతా వచ్చు. గడియారం కూడా ఆటలో ఒక ఆటగాడని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

“మరి ఓడిపోయారు కదా బాబాయ్. అయినా సరైనదేనా?”

“ఒకోపాలి ఎనకోడికి రోడ్డొచ్చినా ముందర స్టాపుల్లో జనముండరు. అయితే మటుకు ఆడు సేసింది తప్పేటి? గేటుకాడ నాను టయిం రాసినాను. లోపలెంతమందున్నారని నానెప్పుడూ సూల్లేదమ్మా.”

దారి పొడుగునా ఆ మాట నమిలాను. గెలిచినదే సరైనదని యాభై ఏళ్లుగా నమ్మిన బుర్రకి అది పూర్తిగా దిగలేదు.

బుధవారం కో తురా రాసిన జవాబు చించేసి వేరే రాశాను. ట్యాగర్ రెండు గుర్తులూ సరిగ్గానే పెట్టాడు, వాటిని తప్పుగా మార్చింది క్యూసీ, అంటే నేను. కో తురా అది చదివి, తలుపు వేసి, నన్ను కూర్చోమన్నాడు. పాపం నా మేలు కోరే మనిషే. డిసెంబరులో నన్ను టీమ్ లీడ్ చేస్తానని మాటిచ్చాడు. అయితే క్లయింటు నుంచి నా పేరు మీద ఒక్క మచ్చ కూడా రాకూడదు. ఈ కాగితం వెళితే లీడ్ పని పోవడమే కాదు, క్యూసీ కుర్చీ కూడా దిగాలి.

ఆయన అచ్చంగా ఆదివారం నేను తెర ముందు పెట్టిన మొహమే పెట్టాడు. మా ట్యాగింగ్ భాషలోనే, బర్మా మర్యాదకి పేరు ముందు ‘మ’ చేర్చి, మెల్లగా అడిగాడు.

“మ సరోజా, నిన్నెవరూ ముట్టుకోలేదు. గీత ఎదురుగా ఉంది. ఎందుకు కూర్చుండిపోతున్నావు?”

నా దగ్గర బస్సు కథ సిద్ధంగా లేదు. బాబాయి కుర్చీ ఖాళీగా ఉంది గనక, అన్నాను. ఆయనకు అర్థమైందని చెప్పలేను. కాగితం మాత్రం పంపాడు.

తరవాతి ఆదివారం అప్పన్న బాబాయి మళ్లీ పనిలోకి వచ్చాడు. పక్క కుర్చీలో ట్యాగర్‌గా నేను కూర్చున్నాను. కృతజ్ఞతలూ గట్రా ఏమీ లేవు. కరెంటు ఎన్నింటికి పోతుందని మాత్రం అడిగాడు. మధ్యాహ్నం నా తెరలోకి తొంగి చూసి, గడియారం ఏడు సెకన్లు తప్పు రాశావమ్మా అని చెప్పాడు. నిజమే, తప్పే.

ఆ ఏడు లీడ్ పని వేరే అమ్మాయికి వెళ్లింది. నేనింకా ట్యాగర్‌నే. చేసింది సరైనదేనా అని మా ఆయన జీతం రోజు అడుగుతారు. నాకూ ఒక్కోసారి అనుమానం వస్తుంది, ముఖ్యంగా ఐదంతస్తులు ఎక్కి వచ్చిన పొద్దుల్లో. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదల్లా ఒక్కటే. మా కీబోర్డులో ‘అర్థం కాలేదు, మరొకరు చూడాలి’ అని చెప్పే మీట ఒకటుంది. క్యూసీగా ఉన్న రెండేళ్లలో దాన్ని నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఇప్పుడు రోజుకు రెండుసార్లైనా నొక్కుతాను. నొక్కి, పక్కకి తిరిగి, “బాబాయ్, రెండు నిమిషాలున్నాయా?” అని అడుగుతాను.